నాలుగు యంత్రాల మనిషి

ఆళ్ళగడ్డలో అతను పోయాడని పొద్దున ఫోను వచ్చింది. చేసింది మా పత్రికలో కొత్తగా చేరిన సబ్ ఎడిటరు. "నంద్యాలలో కంప్యూటరంటే ఏందో చూపించిన మొదటి మనిషంట కదా సార్. మీకు బాగా తెలుసని చెప్పినారు. నాలుగు మంచి మాటలు రాసియ్యండి" అన్నాడు. బాగా తెలిసిన మాట నిజమే, ఇబ్బందంతా మంచి మాటల దగ్గరే. నావల్ల కాదని చెప్పి ఫోను పెట్టేశాను. తర్వాత ఎందుకో ఊరుకోలేక ఇది మొదలుపెట్టాను. ఇందులో అతని పేరు ఉండదు. అతనికి పిల్లలున్నారు. వాళ్ళు నాకు ఏ అపకారమూ చేయలేదు.

మొదట నాకు తెలిసింది మనిషి కాదు, అతని ఎర్ర పెన్సిలు. డెబ్బైల చివర్లో నేను నంద్యాలలో విలేకరిగా కొత్త. గ్రంథాలయంలో మా పత్రిక తెరిస్తే నా వార్తల మీద ఎర్ర గీతలు కనబడేవి. ఒకసారి కాలువ నీళ్ళ గురించి రాస్తూ అంకె తప్పు వేశాను. దాని చుట్టూ సున్నా చుట్టి, "ఇన్ని నీళ్ళొస్తే ఈ పేపరు చదివేదానికి నంద్యాల ఉండదు" అని పక్కన రాసి ఉంది. ఎవరని అడిగితే లైబ్రేరియను కిటికీ దగ్గర కూర్చున్న సన్నటి కుర్రవాణ్ణి చూపించాడు. ఆళ్ళగడ్డ వాడు, మద్రాసులో పెద్ద చదువు చదువుతున్నాడు, సెలవులకు వచ్చాడు. దగ్గరికి వెళ్ళి, తప్పు పట్టినందుకు సంతోషమన్నాను.

అతను తల ఎత్తలేదు. "ఇట్ల రాసేదానికి దుడ్లిస్తారా నీకు?"

"ఇస్తారు. తక్కువే."

"అదీ ఎక్కువే" అని పేజీ తిప్పాడు.

మళ్ళీ చూసింది దాదాపు పదేళ్ళ తర్వాత. బెంగుళూరులో ఒక కంప్యూటర్ల కంపెనీలో పనిచేసి, అక్కడ ఎవరితోనూ పొసగక తిరిగి వచ్చాడు. ఎవరితోనూ పొసగలేదన్నది నేను కల్పించిన మాట కాదు. తనే గొప్పగా చెప్పుకునేవాడు. "ఆ ఫ్లోరులో బుర్ర ఉండేది నాకొక్కనికే. మిగతావాళ్ళు టిఫిన్ క్యారియర్లు మోసేదానికి వస్తాండ్రి."

నంద్యాలలో అప్పుడు ఒక విత్తనాల శెట్టి మూడంతస్తుల మేడ కట్టాడు. కింద అతని కొట్టు, మధ్య అంతస్తులో ఒక డాక్టరు నర్సింగ్ హోం, పైన ట్యుటోరియల్ కాలేజీ. మెట్ల మలుపులో ఉన్న ఇరుకు గది మా పత్రికది. శెట్టి మోజుపడి మద్రాసు నుంచి ఒక కంప్యూటరు తెప్పించాడు. తెప్పించాక, అంత ఖరీదైన వస్తువు ఒక్క కొట్టుకే పనిచేయడమేమిటని దిగులు పట్టుకుంది. ఆ దిగులుకు మందుగా దొరికినవాడు ఇతను.

కంప్యూటరులో అన్నిటికన్నా అడుగున ఒక ప్రోగ్రాము ఉంటుంది. మిగతావాటికి చోటూ సమయమూ పంచిపెట్టేది అదే. దాన్ని కెర్నల్ అంటారు. అతను ఆ కెర్నల్‌ను విప్పి, అందులో తన రాత రాసి, ఉన్న ఒక్క యంత్రాన్నీ నాలుగు యంత్రాలుగా నటింపజేశాడు. కొట్టులో ఒక తెర, ఒక కీబోర్డు. నర్సింగ్ హోం ల్యాబులో ఒకటి, కాలేజీలో ఒకటి, మేడ మీద అతని గదిలో ఒకటి. నాలుగింటి నుంచీ తీగలు శెట్టి వెనక గదిలోని ఒకే పెట్టెకు వెళ్ళేవి. ఏ తెర ముందు కూర్చున్నవాళ్ళకైనా ఆ కంప్యూటరు మొత్తం తమదే అనిపించేది. ఒకరున్నట్టు మరొకరికి తెలిసేది కాదు. ఎనభైల చివర్లో, మా ఊళ్ళో, ఒక్కడు కూర్చుని ఆ పని చేశాడు. అది చిన్న పని కాదని నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

దాని గురించి వార్త రాద్దామని వెళ్ళాను. "అంటే ఒకే వంటమనిషి నాలుగు ఇండ్లలో వండినట్టా?" అని అడిగాను.

"పోలికలు చెప్పొద్దు పేపరూ. తెలీనోళ్ళు చెప్పే మాటలవి. అదేందో అదే చెప్పు."

"చదివేవాళ్ళకు అర్థం కావద్దా?"

"ఎందుకు కావాల? వాళ్ళు నన్నడిగినారా?"

నన్ను ఎప్పుడూ పేపరూ అనే పిలిచాడు. డాక్టరును డాక్టరూ అనేవాడు, శెట్టిని శెట్టీ అనేవాడు. తన కుర్చీలో ఎవరైనా కూర్చుని లేస్తే జేబురుమాలు తీసి వాళ్ళ ఎదుటే తుడిచేవాడు. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. మనం ఏదైనా అడిగితే లవంగాన్ని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చి, "ప్రశ్న సరిగ్గా అడుగు" అనేవాడు. సరిగ్గా అడిగితే, "జవాబు నీకే తెలిసిపాయ కదా" అనేవాడు. టీ తెప్పించుకుని మీగడ కట్టేదాకా చూసి, ఆ మీగడను వేలితో తీసి పక్కన పారేసి, చల్లారిన టీ తాగేవాడు. ఆ గ్లాసులు కడిగే మనిషి అతన్ని తిట్టని రోజు నేను చూడలేదు.

అన్నిటికన్నా నాకు మంటగా ఉండేది అతని చేయి. మిషను సతాయిస్తోందని ఎవరైనా కబురు పెడితే మెట్లు దిగి వచ్చేవాడు. వస్తూనే కుడిచేతిని వెనక్కి తిప్పి, కోళ్ళను అదిలించినట్టు అదిలించేవాడు. "లేవండి, లేవండి. అందరూ లేవండి." ఒక్క తెర దగ్గర తేడా వస్తే నాలుగు తెరల దగ్గరి వాళ్ళూ లేవాలి. కొట్టులో గుమాస్తా, పైన కాలేజీలో మార్కులు ఎక్కించే అయ్యవారు, అందరూ పని ఆపి వరండాలోకి పోవాలి. తను పనిచేస్తుంటే చుట్టూ మనుషులుండటం అతనికి పడదు. అందరూ పోయాక ఒక్కడే కూర్చుని పరీక్షించేవాడు. యంత్రం చక్కగా పనిచేసేది. "మిషను అబద్ధం చెప్పదు. మీ వేళ్ళు చెప్తాయి" అని లేచి మేడ ఎక్కేవాడు.

ల్యాబులో కూర్చునే అమ్మాయి పేరు షమీమ్. తండ్రి లేడు, తల్లి బొంతలు కుట్టేది. టైపు పరీక్షలు పాసై ఆ ఉద్యోగంలో చేరింది. పరికరం మీద వచ్చిన రీడింగును టెక్నీషియను చీటీ మీద రాసిచ్చేవాడు. ఆమె దాన్ని కొడితే, కంప్యూటరు లెక్కకట్టి రక్తంలో షుగరెంతో కాగితం మీద అచ్చువేసేది. సాయంత్రానికి చీటీలు చెత్తబుట్టలో పడేవి.

ఒక జూన్ నెలలో, రుద్రవరం నుంచి ఒక రైతు భార్యను తీసుకొచ్చారు. కాలికి పుండు. షుగరు పరీక్ష చేస్తే కాగితం మీద చాలా ఎక్కువ వచ్చింది. డాక్టరు షుగరు దించే ఇంజెక్షను ఇచ్చాడు. కాసేపటికి ఆమెకు చెమటలు పట్టాయి, మాట పడిపోయింది, స్పృహ తప్పింది. గ్లూకోజు ఎక్కించి బతికించారు. మిగిలిన రక్తాన్ని మళ్ళీ పరీక్షిస్తే షుగరు మామూలుగానే ఉంది. మొదటి కాగితం తప్పు. రుద్రవరం వాళ్ళు మెట్ల నిండా నిలబడ్డారు. నా గది తలుపు తీస్తే వాళ్ళ భుజాలు తగులుతున్నాయి.

అతను దిగి వచ్చాడు. చేయి వెనక్కి తిప్పి అందరినీ లేపేశాడు. కొట్టులో తెర ఆపించాడు, కాలేజీలో తెర ఆపించాడు. షమీమ్‌ను గోడ దగ్గర నిలబెట్టి తనే కూర్చున్నాడు. చీటీ మీది రీడింగు మళ్ళీ మళ్ళీ కొట్టాడు. ప్రతిసారీ సరైన అంకే వచ్చింది.

"చూడు డాక్టరూ. మిషను బాగుండాది."

"నేను చీటీ చూసే కొట్టినా సార్" అంది షమీమ్. "కొట్టినాక మళ్ళా చూసుకుంటి."

"రెండుసార్లు చూసినా తప్పు కనబడలేదంటే కండ్లు గూడా చూపించుకో. డాక్టరు ఈడనే ఉండాడు."

మెట్ల మీద ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వుతో తీర్పు అయిపోయింది. డాక్టరు చెడ్డవాడు కాడు. కానీ అంతమంది నిలబడి ఉన్నప్పుడు ఎవరినో ఒకరిని చూపించక తప్పలేదు. ఆ సాయంత్రమే ఆమెను పొమ్మన్నాడు. అక్కణ్ణించి ఊళ్ళో ఆమెకు 'షుగరు పిల్ల' అనే పేరు పడింది. టైపు పని ఇస్తామన్న బడి వాళ్ళు కూడా ఆ పేరు విని వద్దన్నారు.

కొన్ని వారాలు గడిచాక, శిల్పుల గురించి రాయడానికి ఆళ్ళగడ్డ వెళ్ళాను. రోడ్డు పొడుగునా ఉలి చప్పుడు. ఆ వీధి చివరే అతని ఇల్లు. ఆ మోత తన ఆలోచన చెడగొడుతోందని కిటికీలోంచి తిట్టేవాడట. "తిట్నీలే. మేము పుట్టినప్పట్నుంచి ఈడ రాయి కొడ్తాండాం, ఆయప్ప బెంగుళూరు నుంచి నిన్న వచ్చినాడు" అన్నాడు ఒక ముసలి శిల్పి, నందికి మూపురం చెక్కుతూ.

ఆ మాటలు వినబడ్డాయో ఏమో, కిటికీ తెరుచుకుంది. "ఏం పేపరూ, లోపలికి రా" అన్నాడు. అతను నన్ను ఇంట్లోకి పిలవడం అదే మొదలు. మంచం నిండా పొడుగాటి ప్రింటు కాగితాలు పరిచి ఉన్నాయి. ముఖం వెలిగిపోతోంది.

"దొరికిందప్పా" అన్నాడు. నన్ను అప్పా అన్నాడంటే ఎంత సంతోషంలో ఉన్నాడో అర్థమైంది.

"ఏం దొరికింది?"

చెప్పాడు. పెట్టెలో లెక్కలు చేసే చిప్పు ఒకటే. నాలుగు యంత్రాలూ దాన్నే వంతులవారీగా వాడుకోవాలి. ఒకరి లెక్క సగంలో ఉండగా వంతు ఇంకొకరికి మారితే, ఆ సగం లెక్క అంకెలను కెర్నల్ దాచిపెట్టి, మొదటివారి వంతు మళ్ళీ వచ్చినప్పుడు తిరిగి పెట్టాలి. ఒకచోట అది దాచడం లేదు. దాంతో ఒకరి లెక్కలోకి ఇంకొకరి అంకెలు వచ్చి పడుతున్నాయి. ఇద్దరూ సరిగ్గా ఒకే క్షణంలో లెక్క చేస్తుంటేనే అలా జరుగుతుంది. మామూలు రోజుల్లో జరగదు. విత్తనాల సీజనులో, కొట్టులో మొలకల శాతం పొద్దంతా లెక్క కడుతున్నప్పుడు జరుగుతుంది.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు దొరకలేదు?"

"నేను చూసేటప్పుడు అందర్నీ లేపేస్తా కదా! వేరేవాళ్ళు లేకుంటే తప్పెట్ల కనపడ్తాది? మొన్న శెట్టి లేవలా. సీజనప్పా, రైతులు వాకిట్లో నిలబడుండారు, నీ పని నువ్వు చేస్కో, నా పని నేను చేస్కుంటా అనె. తిట్టుకుంటా ల్యాబులో కూచుంటి. నేను కొట్టింది ఒకటి, వచ్చింది ఒకటి! నా కండ్ల ముందర! ఒళ్ళు జలదరించిందనుకో. ఎంత అందమైన తప్పు! సరిచేస్తే ఒక్క లైను."

చేతులు ఊపుతూ చెబుతున్నాడు. పిల్లవాడిలా ఉన్నాడు. అంత సంతోషాన్ని చూస్తే ఎవరికైనా ముచ్చట వేయాలి. నేను అడిగాను: "అయితే షమీమ్ సరిగ్గానే కొట్టిందన్న మాట."

"ఎవురు?"

నటన కాదు. నిజంగానే గుర్తు లేదు.

"ల్యాబులో అమ్మాయి. మీ మాట మీద పని పోయిన పిల్ల."

"ఓ, ఆ పాపనా" అని కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

"డాక్టరుకు చెప్పారా?"

"ఏమని? బాగుండే మిషను బాగుండాదని చెప్పాల్నా?"

"పాత ప్రోగ్రాము వేసి, డాక్టరు ఎదురుగా ఒకసారి తప్పు చూపించండి. అది చాలు."

"పాతది యాడుంది? దాని మీదే కొత్తది రాసేస్తి."

తప్పును సరిదిద్దాడు. దాంతోపాటు ఆ పిల్ల తప్పు చేయలేదనడానికి ఉన్న ఒక్క ఆధారాన్నీ తుడిచేశాడు. రెండూ ఒకే చేతి పని. రెండోది తను చేసినట్టు కూడా అతనికి తెలియదు.

నంద్యాల వచ్చి డాక్టరుతో చెప్పాను. "ఆయన్నొచ్చి చెప్పమను, వింటా" అన్నాడు. శెట్టి దగ్గరికి పోయాను. "నేను మొలకలు చూసుకుంటాంటి. ఆ టీవీలో ఏమొచ్చిందో నాకేం తెల్సప్పా? నన్ను దీంట్లోకి దించొద్దు" అన్నాడు. ఇక షమీమ్ ఇంటికి వెళ్ళాను. జరిగింది చెప్పాను. ఆమె ఏడవలేదు, ఆశ్చర్యపోలేదు. లోపలికి చూసి గొంతు తగ్గించింది.

"ఇది మాయమ్మకు చెప్పు సార్. నేను తప్పు కొట్టిండాననే అనుకుంటాంది."

తల్లి బొంత ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అప్పుడు తెలిసింది నాకు. కూతురు తప్పుచేసిందని నమ్మి, ఆమె రెండు మార్లు బస్సెక్కి రుద్రవరం పోయి, ఆ రైతు భార్య కాళ్ళు పట్టుకుని వచ్చింది. వచ్చినప్పటి నుంచీ కూతురితో సరిగ్గా మాట్లాడటం లేదు. నేను చెప్పిందంతా విని, సూదికి దారం ఎక్కించుకుంటూ, "నీ మాట మంచిదే నాయనా. ఆయప్ప వచ్చి చెప్తాడా?" అంది.

మళ్ళీ ఆళ్ళగడ్డ పోయాను. అతను రానన్నాడు. బతిమాలితే, లవంగం బుగ్గ మార్చాడు. చివరికి, "సరే, నేనే రాస్తాను. ఒకరి లెక్కలో ఇంకొకరి లెక్క కలిసిన సంగతి, నాకు అర్థమైనట్టు రాస్తాను" అన్నాను.

ముఖం మాడింది. "నీకేం అర్థమాయ? వంటమనుషులనీ పొయ్యిలనీ రాస్తావు. తప్పు రాస్తావు."

"రాస్తాను మరి."

వచ్చాడు. తన తప్పు ఊరికి తెలుస్తుందన్న భయంతో కాదు. దాన్ని నేను తప్పుగా వివరిస్తానన్న భయంతో వచ్చాడు.

షమీమ్ ఇంట్లో ఉన్న ఒకే కుర్చీ వేశారు. జేబురుమాలుతో తుడుచుకుని కూర్చున్నాడు. తల్లి చాప మీద, షమీమ్ తలుపు దగ్గర. అతను మొదలుపెట్టాడు. చిప్పు, వంతులు, దాచిపెట్టని అంకెలు. పోలిక అన్నది లేకుండా, ఉన్నదున్నట్టు, చాలాసేపు చెప్పాడు. బొంతలు కుట్టే మనిషికి కెర్నల్ గురించి అంత శ్రద్ధగా చెప్పినవాడు ప్రపంచంలో ఇంకొకడుండడు. ఆమె ఓపిగ్గా విన్నది. అయిపోయాక అడిగింది.

"ఇంతకీ మా పిల్ల తప్పు కొట్టిందా, లేదా?"

అతను ఆలోచించాడు. "అది తేలదు" అన్నాడు.

నేను కుర్చీ దగ్గరికి జరిగాను. "ఏం తేలదు?"

"మిషను తప్పు చేసే వీలుంది. అంతవరకే నాకు తెల్సు. ఆ పొద్దు చేసింది మిషనా, ఈ పాపనా? చీటీ లేదు, ఆ పొద్దు కొట్టిన అంకె యాడా లేదు. పాత ప్రోగ్రాము లేదు. ఇంక ఎవురూ తేల్చలేరు. తెలీందాన్ని తెల్సునని నేను చెప్పను."

మాట మాటగా చూస్తే అతను చెప్పింది నిజం. అందుకే నాకు ఆ మనిషి మీద అంత అసహ్యం వేసింది. మెట్ల నిండా జనం ఉన్న రోజున ఈ అనుమానంలో వీసమెత్తు కూడా అతనికి రాలేదు. అప్పుడు అంతా తెలుసు. వేళ్ళు తెలుసు, కండ్లు తెలుసు. ఇప్పుడు, ఒక్క మాటతో ఒక పిల్ల తలెత్తుకునే వేళకు, ఎక్కడలేని నిజాయితీ పుట్టుకొచ్చింది. షమీమ్ తలుపు పట్టుకుని నేల చూస్తోంది.

తల్లి మాత్రం తొణకలేదు. "నీకు గూడా తెలీదా?" అని మళ్ళీ అడిగింది.

"తెలీదు."

"మిషను చేసిండొచ్చా?"

"చేసిండొచ్చు."

"ఇప్పుడు తెలీదంటాండావు. ఆ పొద్దు నా బిడ్డే చేసిందని ఎట్ల చెప్తివి?"

ప్రశ్న సరిగ్గా అడుగు అంటాడేమో అనుకున్నాను. అనలేదు. లవంగం ఏ బుగ్గలో ఉందో కూడా తెలియలేదు.

ఆమె ఒళ్ళోని బొంత పక్కకు పెట్టి లేచింది. కూతురి దగ్గరికి పోయి ఆమె చేయి పట్టుకుంది. తర్వాత అతని వైపు తిరిగి, కోపం లేకుండానే చెప్పింది:

"నాకీ మాట చాలు. నా బిడ్డదే తప్పని రుద్రవరం పోయి ఆయమ్మ కాళ్ళు నేను పట్టుకుంటి. ఇంక నేను పోను. ఇంక పోతే నువ్వు పోవాల. మిషను చేసిండొచ్చని ఆయమ్మకు చెప్పు. ఆ ఊరోళ్ళు మా పిల్లను ఇంగా తిట్టుకుంటాండారు."

అతను లేచి బయటికి నడిచాడు. నేను వెంట వెళ్ళాను. బస్టాండు దాకా నడిచాం. ఆళ్ళగడ్డ మీదుగా రుద్రవరం పోయే బస్సు నిలబడి ఉంది. అతను అందులో ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. కిందనే నిలబడి చూశాను. ఆ ఒక్క నిమిషం మాత్రం నేను అతని గురించి మంచిగా ఆశపడ్డాను.

కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ వచ్చాడు. "యాడికి సార్?"

"ఆళ్ళగడ్డ" అన్నాడు.